షోకేసులోని మోటారు

దొరబాబుని చంపిన నిమిషంలో శుభాకర్ బల్ల కింద ఉన్నాడు.

దాక్కోవడానికి దూరలేదు పాపం. ద్వారకా నగర్‌లో రెండో అంతస్తు మీదున్న ఆ హాబీ షాపు వెనక గదిలో, చేతిలోంచి జారిపోయిన బుల్లి స్క్రూ కోసం మోకాళ్ళ మీద దేవులాడుతున్నాడు. స్క్రూలు వదులవకుండా వేసే నీలం మందు సీసా కూడా దొర్లిపడి, గుమ్మం దాటి ముందు గదిలోకి సన్నగా పారింది. ఆ మందు మరక పడితే ఇక వదలదు. తుడుద్దామని గుడ్డ అందుకోబోతుంటే షాపు తలుపు గంట మోగింది.

"రండి రండి. ఏం చూపించమంటారు?" అన్నాడు దొరబాబు.

సోడా మూత తీసినట్టు రెండుసార్లు చప్పుడైంది. ఆ తరవాత మనిషి కూలిన చప్పుడు.

శుభాకర్ పైప్రాణాలు పైనే పోయాయి. గుమ్మానికి కట్టిన కర్టెన్ కింద జానెడు సందు ఉంది. అందులోంచి తెల్ల బూట్లు రెండు కనిపించాయి. వాటికి ఏ తొందరా లేదు. నీలం మందుని తొక్కాయి, అద్దాల షోకేసు దాకా నడిచాయి, ఆగాయి. తాళం విరిగింది. అట్టపెట్టె ఒకటి బయటికొచ్చింది. బూట్లు వచ్చినదారినే వెళ్ళిపోయాయి.

ఆ తరవాత పదకొండు నిమిషాలు శుభాకర్ బల్ల కిందనుంచి కదల్లేదు. లేచి పరిగెత్తి ఉంటే దొరబాబు బతికేవాడా అని తరవాత డాక్టర్ని అడిగాడు. లేదు, పడకముందే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. అయినా ఆ పదకొండు నిమిషాలూ శుభాకర్‌ని వదల్లేదు.

దొరబాబు రేడియో కంట్రోల్ కార్లు, బోట్లు అమ్ముకునే మనిషిగానే ఊరందరికీ తెలుసు. అది వేషం. అతను ఒక రహస్య విభాగం మనిషి. శుభాకర్ కూడా ఆ విభాగమే గానీ, అతని ఉద్యోగం సోల్డరింగ్ గన్నుతోనే తప్ప అసలు గన్నుతో కాదు. మైకులు తయారుచెయ్యడం, మోటార్లు చుట్టడం, భయపడటం, ఈ మూడూ అతనికి బాగా వచ్చు.

* * *

మద్దిలపాలెం బస్ డిపో ఎదుట "జిరాక్స్, లామినేషన్" అని బోర్డున్న మేడ మీద ఆ సాయంత్రం బ్రీఫింగ్ జరిగింది. చీఫ్ కృష్ణంరాజు బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చున్నాడు. రిటైర్మెంటుకి ఏడాది ఉంది. ఎదురుగా మనిషి ఏడుస్తున్నా గొంతు పెంచని, దించని మనిషి.

"ఏం పట్టుకెళ్ళాడు?"

"మోటారు సార్. ఆస్ట్రాన్ కంపెనీది. బోట్లలో పెట్టే పెద్ద సైజు."

"ఖరీదైనదా?"

"పెట్టె ఖరీదైనది సార్. లోపలిది కాదు."

కృష్ణంరాజు లవంగం నమలడం ఆపాడు. "విడమరిచి చెప్పు."

"షోకేసులో అసలుది పెట్టం సార్. ఈ ఊళ్ళో ఎవరూ పెట్టరు. ఉప్పుగాలికి నెల తిరక్కుండా బేరింగులు తుప్పు పట్టేస్తాయి. అందుకని అసలు మోటారుని బియ్యం డబ్బాలో పాతిపెట్టి, ఖాళీ అయిన కంపెనీ పెట్టెలో క్లోన్ మోటారు ఒకటి పడేసి అద్దాల వెనక పెడతాం. చవకరకం. రంగు అదే, స్టిక్కరు అదే, బరువూ ఇంచుమించు అంతే."

"కొనేవాళ్ళు మోసపోరా?"

"మోసమేముంది సార్, అందరికీ తెలుసు. వచ్చినవాడు 'బియ్యంలోది తియ్యి' అంటాడు. తీసిస్తాం. షోకేసు వైపు వేలు చూపించాడంటే వాడు ఊరికి కొత్తన్నమాట."

కృష్ణంరాజు ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. దొరబాబు ఆఖరి రిపోర్టు.

విదేశీ ముఠా ఒకటి మూడు నెలలుగా ఊళ్ళో ఉంది. దాని నాయకుడి కోడ్ నేమ్ కమొడోర్. ముఖం చూసినవాళ్ళు లేరు. దొరబాబు దగ్గర వాళ్ళు కొన్నవి ఇవి: రెండు మీటర్ల బోటు బాడీ, దారి తనే చూసుకునే జీపీఎస్ పెట్టె, దేనికైనా గుద్దుకుంటే నొక్కుకునే స్విచ్చు, దూరంనుంచి సిగ్నల్ అందుకునే రిసీవరు.

శుభాకర్ చదివి కాగితం కింద పెట్టేశాడు. "ఇది ఆటబొమ్మ కాదు సార్. బాంబు."

"టార్గెట్ అమ్మోనియా ఓడ. ఆదివారం జెట్టీకి వస్తుంది. అదే రోజు పొద్దున్న ఫిషింగ్ హార్బర్ దగ్గర ఆర్‌సీ బోట్ల పోటీ, అదే రేడియో కంట్రోల్ బోట్లది. ముప్ఫై బోట్లు నీళ్ళ మీద తిరుగుతుంటే ముప్ఫై ఒకటో దాన్ని ఎవడు లెక్కపెడతాడు? మంగళవారం ట్రయల్ వేస్తే వాళ్ళ మోటారు మునిగిపోయింది. కొత్తది తెప్పించుకోడానికి టైము లేదు. దొరబాబు నోరు మూయించి, వాడి షోకేసులోది పట్టుకెళ్ళారు."

"పోటీ ఆపేయించండి సార్!"

"ఆపితే ఇంకో ఆదివారం, ఇంకో ఓడ. అప్పుడు మనకి తెలియను కూడా తెలియదు." కృష్ణంరాజు ముందుకి వంగాడు. "ఆ క్లోన్ ఎంతసేపు నడుస్తుంది?"

"నడిపే పద్ధతిని బట్టి సార్. మనవాళ్ళు ఇరవై సెకన్లు లాగి ఐదు సెకన్లు వదులుతారు. మోటారుని ఊపిరి పీల్చుకోనివ్వాలి అంటారు. అలాగైతే ఎంతసేపైనా నడుస్తుంది. ఖరీదైనవాటికి అలవాటుపడ్డవాళ్ళు ఆపకుండా లాగుతారు. అంత బరువేసుకుని ఆపకుండా లాగితే రెండున్నర నిమిషాల్లో కాయిల్ కాలిపోతుంది."

"భేష్."

"భేషేముంది సార్? క్లోన్‌కి మాటంటూ ఉండదు. ఒకటి నిమిషానికే చస్తుంది. ఇంకోటి నాలుగు నిమిషాలైనా చావదు. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, ఈ పిండిని నమ్మి మాత్రం పొయ్యి వెలిగించలేం."

"అందుకే నువ్వు అక్కడుంటావు."

శుభాకర్ కుర్చీ వెనక్కి జరిపాడు. "నేనా? నాకు భయం సార్. నిజంగా భయం. దొరబాబుని అక్కడ వదిలేసి బల్ల కింద..."

"తెలుసు. దొరబాబుకి భయం లేదు. అందుకే తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. భయం ఉన్నవాడు ప్లగ్గు రెండుసార్లు చూస్తాడు. నాకు వాడు కావాలి." కృష్ణంరాజు బల్ల మీద ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ పెట్టాడు. శుభాకర్ స్వయంగా చేసిందే. పై గిన్నెలో ఉప్మా, కింది గిన్నెలో జామర్. ఇరవై అడుగుల లోపల ఏ రిమోట్ సిగ్నలూ పనిచెయ్యనివ్వదు. బ్యాటరీ తొంభై సెకన్లు. "మైకులో 'గ్రీజు వేశాను' అంటే అంతా క్షేమం. 'బేరింగు పోయింది' అంటే మనవాళ్ళలోనే ద్రోహి ఉన్నట్టు, ఈ రెండోది ఇంకెవరికీ చెప్పలేదు. బోటు నంబరు నీకు శ్రీసత్య చెబుతుంది."

శ్రీసత్య పేరు తెలియనివాళ్ళు ఆర్‌సీ లోకంలో లేరు. ఆస్ట్రాన్ కంపెనీ ప్రచారకర్త. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర జాకెట్, వీడియోకి నాలుగు లక్షలమంది. కార్లలో పెట్టే చిన్న మోటార్లు కంపెనీనుంచి ఆవిడ ఇంటికే వచ్చిపడతాయి, షాపుకెళ్ళి కొనే పనే లేదు. ముఠా ఆవిడని తమ మనిషి అనుకుంటుంది. ఏడాదిన్నరగా ఆవిడ కబుర్లు మోస్తున్నది మాత్రం కృష్ణంరాజుకి.

"ఇంకొక్క మాట," అన్నాడు చీఫ్. "నువ్వు బల్ల కింద ఉన్న సంగతి, ఆ పెట్టెలోది క్లోన్ అన్న సంగతి, మనిద్దరికే తెలుసు. శ్రీసత్యకి కూడా చెప్పలేదు. నీ భార్యకీ చెప్పకు."

* * *

శనివారం రాత్రి అన్నం దగ్గర ఫ్లోరెన్స్ ఆ కబురు చెప్పింది. ఆవిడ నర్సు. ఆదివారం మొదటి ఆరాధన అయ్యాక ఫిషింగ్ హార్బర్లో కంటి పరీక్షల క్యాంపు. జెట్టీ పక్కన టెంటు వేశారట.

శుభాకర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"వెళ్ళకు ఫ్లోరీ."

"ఏటండీ?"

"ఎండగా ఉంటుంది."

"ఎండా? మార్కెట్లో సేపలమ్ముకునే ఆడోళ్ళకి లేని ఎండ నాకేటి? రెండొందలమంది పేర్లు రాయించుకున్నారు." ఆవిడ అతని నుదుటి మీద చెయ్యేసి చూసింది. "సెమటలు పడుతున్నాయి మీకు. ఏటైనాది?"

చెప్పేద్దామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. చెబితే ఫ్లోరెన్స్ ఒక్కతే ఆగిపోయే మనిషి కాదు, క్యాంపు మొత్తం ఆపిస్తుంది, ఆ ఫోన్లు ఎవరు వింటున్నారో ఎవరికి తెలుసు! చెప్పకపోతే ఆ టెంటు కింద కూర్చుంటుంది. అమ్మోనియా ట్యాంకు పగిలితే గాలి ముందు ఆ టెంటుకే చేరుతుంది. మధురవాడ అపార్టుమెంటులో ఎనిమిదో అంతస్తున, ఫ్యాన్ కింద, శుభాకర్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది.

"పప్పులో కారం ఎక్కువైంది," అన్నాడు.

ఆ మాట అన్నందుకు తనని తాను అసహ్యించుకుంటూ రాత్రంతా సీలింగు చూశాడు.

* * *

ఆదివారం పదిన్నరకి ఫిషింగ్ హార్బర్ తిరునాళ్ళలా ఉంది. ఉక్కునగరం క్లబ్బువాళ్ళు ఒకపక్క, కాలేజీ కుర్రాళ్ళు ఒకపక్క, మైకులో కామెంటరీ. ప్రతి బోటు మీదా ఆస్ట్రాన్ స్టిక్కరే, ప్రతి బోటు కడుపులోనూ క్లోన్ మోటారే, అసలుది ఉప్పునీళ్ళలో దింపే ధైర్యం ఎవరికుంది. ఇది అందరికీ తెలిసిన రహస్యం.

శుభాకర్ లుంగీ కట్టి, తలగుడ్డ చుట్టి, పెట్టుడు మీసంతో పైడయ్య ఫైబర్ పడవలో కూర్చున్నాడు. పోటీ మధ్యలో ఆగిపోయిన బోట్లని ఏరుకొచ్చే పడవ అది. పైడయ్య వేటకెళ్ళని రోజుల్లో ఈ పని చేస్తాడు. శుభాకర్‌ని మోటార్లు బాగుచేసే మనిషిగా నాలుగేళ్ళుగా ఎరుగును.

"ఆ మీసం ఏటి బావా, ఒకపక్క ఊడిపోతన్నాది."

శుభాకర్ నిలువునా నీరైపోయాడు. "నన్ను గుర్తుపట్టీసావా?"

"సేతులు సూసి పట్టీసాను. నీ సేతులకి ఎప్పుడూ ఆ నీలం మందే కదా. సబ్బెట్టి తోమినా పోదు." పైడయ్య బీడీ ముట్టించాడు. "నాను అడగను గానీ, ఏటో పెద్ద పనిమీదే వొచ్చినావు. నీ మొకం సూత్తంటే నాకే బయంగా ఉన్నాది."

దూరంగా అమ్మోనియా ఓడ తెల్లగా, నిద్రపోతున్నట్టుగా ఉంది. దాని పక్కన జెట్టీ. జెట్టీ పక్కన కంటి క్యాంపు టెంటు. అంత దూరంనుంచి మనుషులు చీమల్లా ఉన్నారు, అయినా తెల్ల యూనిఫాంలన్నిటిలో ఫ్లోరెన్స్ ఏదో పోల్చుకోడానికి శుభాకర్ కళ్ళు చికిలించుకుని చూస్తూనే ఉన్నాడు.

గోడకున్న ఇనప నిచ్చెన దిగుతూ ఎర్ర జాకెట్ ఒకటి వచ్చింది. శ్రీసత్య. పడవ అంచు మీద కూర్చుని కెమెరావాళ్ళ వైపు చెయ్యి ఊపింది, పెదవులు కదలనివ్వకుండా మాట్లాడింది.

"బేరింగులు మార్చారా?"

"గ్రీజు వేశాను," అన్నాడు శుభాకర్.

"ఏడో నంబరు. పసుపు రంగు. రెండో లాప్‌లో దారి మళ్ళుతుంది. కృష్ణంరాజుగారి మనుషుల్ని దానిమీదే ఉండమనండి. మిగతావాటి జోలికెళ్ళొద్దు." నల్ల కళ్ళద్దాలు అతని వైపు తిరిగాయి. "భయంగా ఉందా శుభాకర్‌గారూ?"

"కొంచెం."

"పాపం దొరబాబు. ఆ రోజు షాపులో ఒక్కడే ఉన్నాడటగా?"

ఎందుకడిగింది? పరామర్శే కావచ్చు. అయినా శుభాకర్ చీఫ్ హెచ్చరిక గుర్తుచేసుకున్నాడు. "ఒక్కడే," అన్నాడు.

ఆవిడ నవ్వి, భుజం తట్టి, నిచ్చెన ఎక్కింది. పడవలో కింద కూర్చున్న శుభాకర్ తలెత్తి చూశాడు. ఒక మెట్టు. రెండో మెట్టు. మూడో మెట్టు మీద తెల్ల బూటు అరికాలు సరిగ్గా అతని కళ్ళ ముందుకొచ్చింది.

అరికాలి మధ్యలో నీలం మరక.

లోకంలో ఉన్న గాలంతా ఎవరో పీల్చేసినట్టయింది. దొరబాబు పడిన చప్పుడు మళ్ళీ చెవుల్లో వినిపించింది. కేక పెడదామంటే ఆవిడ ఎర్ర జాకెట్ లోపల రెండు సోడా మూతల చప్పుడు దాగి ఉంది. పైగా ఆవిడ చెవిలో కూడా అదే ఇయర్‌ఫోను. మాట్లాడితే వింటుంది. మాట్లాడకపోతే కృష్ణంరాజు మనుషులందరూ ఏడో నంబరు చుట్టూ మూగుతారు, అసలు బోటు ఇంకెక్కడినుంచో వస్తుంది.

ఏడో మెట్టు మీద ఆవిడ ఆగి కిందకి చూసింది.

శుభాకర్ మైకు నొక్కాడు. పళ్ళు టకటకలాడుతుంటే, ఎంత మామూలుగా అనగలడో అంత మామూలుగా అన్నాడు. "సార్, ఇక్కడొక బోటు. బేరింగు పోయింది."

చెవిలో గరగరమంది.

"సరే. పాతవి పారేద్దాం," అంది కృష్ణంరాజు గొంతు, పెరక్కుండా, తగ్గకుండా.

శ్రీసత్య చిరునవ్వుతో మిగతా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

* * *

పదకొండింటికి విజిల్ ఊదారు. ముప్ఫై బోట్లు ఒక్కసారి లేచాయి. ఝుయ్‌మని ఇరవై సెకన్లు, చప్పున తగ్గి ఐదు సెకన్లు. మళ్ళీ ఝుయ్. చవక మోటార్లతో బతికినవాళ్ళ పాట అది. ఏడో నంబరు పసుపు బోటు కూడా బుద్ధిగా అలాగే లాగుతోంది, వదులుతోంది.

శుభాకర్ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళతో పనిలేదు. చెవులు కావాలి.

బోట్లన్నీ ఊపిరి పీల్చుకునే ఐదు సెకన్లలో, వెనకనుంచి, సముద్రం వైపునుంచి, సన్నగా ఒక కూత వినిపించింది. అది తగ్గడంలేదు. ఆగడంలేదు. ఆ కూత అతనికి తెలుసు. దొరబాబు బల్ల మీద తనే నూరుసార్లు తిప్పి చూసిన మోటారు.

కళ్ళు తెరిచి వాచీలో స్టాప్‌వాచ్ నొక్కాడు. హార్బర్ మూతి దగ్గర లంగరేసిన ట్రాలరు వెనకనుంచి బూడిదరంగు బోటు ఒకటి బయటికొచ్చి నీళ్ళకి అంటుకుపోయి ఓడ వైపు దూసుకెళుతోంది. ట్రాలరుకీ ఓడకీ మధ్య కిలోమీటరున్నర. ఆ బరువుకి ఆ వేగం, మూడు నిమిషాల దారి.

"సార్, ట్రాలరు! బూడిదరంగు బోటు! పైడయ్యా, పద! ఓడకి అడ్డంగా!"

పైడయ్య ఎందుకని అడగలేదు. ఇంజను తాడు లాగాడు. పడవ ముక్కు పైకెత్తింది. వాళ్ళు పోటీ జరిగేచోట, ఓడకి దగ్గరగానే ఉన్నారు. అయినా ఆ కూత తమకన్నా మూడింతల వేగంతో వస్తోంది.

"అది బాంబు," అన్నాడు శుభాకర్.

"ఏటీ!"

"రెండున్నర నిమిషాల్లో ఆగిపోవాలి. క్లోన్ మోటారు."

ఒక నిమిషం. కూత నిక్కచ్చిగా ఉంది. నిమిషమున్నర. పోటీలో అప్పుడే నాలుగు బోట్లు చచ్చి తేలుతున్నాయి. ఏరుకునే పడవ ఏదిరా అని ఎవరో ఒడ్డుమీంచి అరుస్తున్నారు. రెండు నిమిషాలు. టెంటు ముందు జనం ఇప్పుడు చీమలు కారు, మనుషులు. తెల్ల యూనిఫాంలో ఫ్లోరెన్స్ ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెడుతోంది.

రెండున్నర.

కూత ఆగలేదు.

"ఆగిపోద్దన్నావు కదా బావా!"

"ఆగాలి!"

"దానికి సెప్పు మరి!"

రెండు నిమిషాల నలభై. జీవితమంతా కాలిపోయిన మోటార్లకి ప్రాణం పోసినవాడు, జీవితంలో మొదటిసారి ఒక మోటారు కాలిపోవాలని ప్రార్థన చేశాడు. 'ప్రభువా, రోజూ చచ్చేవే కదా ఇవి! పెళ్ళి వీడియో తీసే డ్రోనులో చస్తాయి, ఫైనల్స్‌లో చస్తాయి. ఇవాళ ఒక్కరోజు దీనికి ఇంత మాట నిలబెట్టుకోవాలని ఎందుకయ్యా?' రెండు యాభై. బూడిదరంగు బోటు వాళ్ళ ముక్కు ముందునుంచే దూసుకుపోయింది. అది రేపిన నీళ్ళు ముఖం మీద కొట్టి మీసం కొట్టుకుపోయింది. ఓడ గోడ ఎదురుగా కొండలా లేచింది.

రెండు యాభై నాలుగు.

కూత బొంగురుపోయింది. టప్‌మంది. బోటు మూతలోంచి నల్లటి పొగ సన్నగా లేచింది. వేగం చచ్చి, తేలింది. ఓడకీ దానికీ మధ్య నలభై మీటర్ల నీళ్ళు.

పైడయ్య కెవ్వున నవ్వాడు. శుభాకర్ నవ్వలేదు. ట్రాలరు మీద బైనాక్యులర్స్‌తో ఉన్న కమొడోర్ కూడా ఆ పొగ చూసుంటాడు. చేతిలో రిమోట్ ఉంటుంది. ఇంత దగ్గరలో పేల్చినా ట్యాంకు పగలొచ్చు. అలలు కూడా దాన్ని మెల్లిమెల్లిగా ఓడ వైపే నెడుతున్నాయి.

"దాని పక్కకి పోనీ."

"బాంబు పక్కకా?" పైడయ్య ముఖంలో నెత్తురు లేదు. "బావా, నాకు ఇద్దరు ఆడపిల్లలు."

"నా భార్య ఆ టెంటులో ఉంది పైడయ్యా."

పైడయ్య టెంటు వైపు చూశాడు. "మా పాపాయమ్మత్త కూడా అక్కడే ఉన్నాది. కళ్ళజోడుకొచ్చినాది," అన్నాడు, పడవ తిప్పేశాడు.

ఇరవై అడుగులు. శుభాకర్ టిఫిన్ క్యారియర్ కింది గిన్నె తిప్పాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. తొంభై సెకన్లు. పై గిన్నెలోని ఉప్మా ఒళ్ళో పడింది. పడవ అంచు మీద పొట్ట ఆనించి వంగి బోటుని పట్టుకున్నాడు. మూత వేడికి చేతులు చురుక్కుమన్నాయి. నాలుగు స్క్రూలు. జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. చేతులు మాత్రం ఉండవలసినచోట ఉండటంలేదు, స్క్రూ మీద ఆనించేసరికి జారిపోతున్నాయి. ఒకటి. రెండు. మూడోది పడి సముద్రంలో కలిసింది. ఈసారి వెతుక్కోలేదు. నాలుగు.

మూత లేచింది. లోపల మట్టిరంగు ముద్దలు పేర్చి ఉన్నాయి. పక్కన పెద్ద బ్యాటరీ. దాని ప్లగ్గు పట్టి లాగాడు. ఊడింది.

"అయిపోనాదా?" అన్నాడు పైడయ్య.

అయిపోయింది. వెనక్కి వాలి ఊపిరి వదలొచ్చు. దొరబాబైతే వదిలేవాడు. శుభాకర్‌కి భయం. వీధి తలుపు గడియ పెట్టి, మంచమెక్కి, మళ్ళీ లేచి గడియ చూసొచ్చే రకం. జామర్ దీపం ఎర్రబడింది, పది సెకన్లు. అయినా మళ్ళీ వంగాడు, ముద్దల కింద చెయ్యి పెట్టి తడిమాడు.

వేలికి రెండో బ్యాటరీ తగిలింది. అగ్గిపెట్టంత. ముద్దల అడుగున దాచారు.

ఆరు. ప్లగ్గు మీద టేపు చుట్టి ఉంది. నాలుగు. గోరుతో రాలేదు. మూడు. ముందుకి వంగి, పళ్ళతో పట్టుకుని లాగాడు. వైరు తెగి నోట్లోకొచ్చింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఆ మరుక్షణమే బోటులో, సొంత సెల్లుతో నడిచే రిసీవరు టిక్కుమంది. కమొడోర్ నొక్కుతున్నాడు. టిక్. టిక్. టిక్. పాపం నొక్కుతూనే ఉన్నాడు.

ఏమీ కాలేదు.

నోట్లో వైరుతోనే శుభాకర్ ఏడ్చాడు. తరవాత కాలిన మోటారుని వెల్లకిలా తిప్పాడు. వెనకవైపు, ఎవరూ చూడనిచోట, మార్కర్ పెన్నుతో దొరబాబు చేతిరాత ఉంది. షోకేసులో పెట్టే ప్రతి ముక్క మీదా అతను రాసేదే.

"అమ్మకానికి కాదు."

* * *

కోస్టు గార్డు ట్రాలరుని చుట్టుముట్టేసరికి కమొడోర్ ఇంకా రిమోట్‌లో బ్యాటరీలు మారుస్తున్నాడట. శ్రీసత్యని బహుమతుల వేదిక మెట్ల మీదే పట్టుకున్నారు. 'బేరింగు పోయింది' అని వినగానే, ఆ నిమిషంలో శుభాకర్ దగ్గరున్నది ఎవరో కృష్ణంరాజు బైనాక్యులర్స్‌లో చూసుకున్నాడు. పైడయ్య కాక, ఒకే ఒక్క మనిషి.

శుభాకర్ కాళ్ళీడ్చుకుంటూ టెంటుకెళ్ళి ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. ఫ్లోరెన్స్ ఎగాదిగా చూసింది. లుంగీ, ఉప్మా, సగం కాలిన వేళ్ళు.

"ఇదేటి అవతారం? పాపాయమ్మత్తా, ఒక్క నిమిషం ఆగమ్మా." బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి నోరు తెరిచింది. "నూట తొంభై! ఎండలోకి వద్దని నాకు సెప్పి, మీరేటి సేసొచ్చారు?"

"ఒక మోటారు కాలిపోయింది ఫ్లోరీ," అని, ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. ఏమనుకుందో ఏమో, ఆవిడా విడిపించుకోలేదు.

అప్పుడు ఫోను మోగింది. కృష్ణంరాజు.

"శుభాకర్, శ్రీసత్య నోరు విప్పింది. ఒకటే మాట పట్టుకుంది. ఏడాదిన్నర కష్టం, ప్లాను పక్కా, ఆ షాపువాడు కంపెనీ పెట్టెలో డూప్లికేట్ మోటారు పెట్టి తనని నిలువునా మోసం చేశాడట. తెగ ఏడుస్తోంది. ఏం చెప్పమంటావు?"

శుభాకర్ తల తిప్పి జెట్టీ మీద ఆరబెట్టిన నల్లటి మోటారు వైపు చూశాడు. దొరబాబు ఉంటే ఏమనేవాడో అదే అన్నాడు.

"వినియోగదారుల ఫోరంలో కేసు వేసుకోమనండి సార్. బిల్లు మాత్రం తప్పనిసరిగా చూపించాలని చెప్పండి."